మాస్టర్స్‌లో ఏ పేపర్లు తీసుకోవాలి?



మదురై దగ్గరి మేలూరులోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ మన తెలుగు ఇళ్లలో ఇంటికొకరు చొప్పున కంప్యూటర్ చదువులో కనిపిస్తున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు. ఈ మూడింటితో పెరిగిన పిల్లలు డిగ్రీ చేతికి రాగానే ఎం.ఇ.నా, ఎం.ఎస్‌సి.నా, ఎం.సి.ఏ.నా అని మొదలుపెడతారు. మదురైలో త్యాగరాజర్ కాలేజీ మంచిదా, కోయంబత్తూరు పి.ఎస్.జి. మంచిదా, కారైక్కుడి అళగప్పా యూనివర్సిటీకి పోతే తప్పేముంది అని ఇంటిల్లిపాదీ కూర్చుని నెలల తరబడి మాట్లాడుకుంటారు. మాట్లాడుకోవలసిందే. కానీ సీటు వచ్చాక, ఆ రెండేళ్లలో చదవబోయే పేపర్లేవో తేల్చుకోవడానికి ఒక్క పూట కూడా కూర్చోరు. హాస్టల్లో పక్క మంచం వాడు దేనికి టిక్కు పెడితే దానికే టిక్కు పెట్టి ఫారం ఇచ్చేస్తారు. కాలేజీలో ఈ పాఠాలే చెప్పే మనిషిగా ఏటా ఈ సంగతి చూస్తున్నాను, చూసినప్పుడల్లా మనసుకు కష్టంగా ఉంటుంది. అందుకే ఇవాళ ఈ ఒక్క విషయమే మాట్లాడతాను.

నా మాట ముందే చెప్పేస్తాను. పేపరు పేరు చూసి తీసుకోకండి. అది మీ చేత ఏ పని చేయిస్తుందో చూసి తీసుకోండి.

ఆ సంగతి ఎలా తెలుస్తుంది? సిలబస్ పుస్తకంలోనే ఉంటుంది. అన్నా యూనివర్సిటీ సిలబస్ తెరిస్తే ప్రతి పేపరు పక్కనా ఎల్, టి, పి, సి అని నాలుగు గళ్లు కనిపిస్తాయి. వారానికి ఎన్ని పీరియడ్లు పాఠం, ఎన్ని ట్యుటోరియల్, ఎన్ని ప్రాక్టికల్, మొత్తం ఎన్ని క్రెడిట్లు అని ఆ గళ్ల అర్థం. ఒక పేపరు ఎదురుగా 3 0 0 3 అని ఉంటుంది. ఇంకో దాని ఎదురుగా 3 0 2 4 అని ఉంటుంది. మొదటిదానిలో పాఠం విని సెమిస్టరు చివర పరీక్ష రాస్తే పని అయిపోతుంది. రెండోదానిలో వారం వారం ల్యాబులో కూర్చుని, ప్రోగ్రాం రాసి, అది ఎందుకు పనిచేయలేదో వెతుక్కోవాలి. ఒకే రంగంలో రెండు ఎలెక్టివ్‌లు ఉంటే, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ రెండో రకం తీసుకోవడం మేలు.

గళ్లు చూశాక కింద ఉన్న అయిదు యూనిట్లూ చదవండి. అయిదింటిలోనూ పరిచయం, చరిత్ర, రకాలు, ఉపయోగాలు అనే మాటలే ఉంటే ఆ పేపరు పూర్తయ్యేసరికి మీకు ఆ రంగంలోని పేర్లు వస్తాయి, పని రాదు. తరవాత లైబ్రరీకి వెళ్లి గడిచిన మూడేళ్ల ప్రశ్నపత్రాలు అడగండి. ప్రతి పెద్ద ప్రశ్నా ‘చక్కని పటంతో వివరించుము’ అనే ఉంటే, పరీక్ష ముందు రాత్రి చదివి గట్టెక్కగల పేపరని అర్థం. ‘ఈ గ్రాఫుకు సమాధానం కనుగొనుము’, ‘ఇది తప్పని నిరూపించుము’ అని ఉంటే ఆ పేపరు మిమ్మల్ని కూర్చోబెట్టి ఆలోచింపజేస్తుంది. గళ్లు మాత్రమే చూసి నిర్ణయించకూడదని కూడా ఇక్కడే చెప్పాలి. థియరీ ఆఫ్ కంప్యుటేషన్‌కు ల్యాబు ఉండదు. అయినా మొత్తం డిగ్రీలో అంత గట్టిగా బుర్రకు పదును పెట్టే పేపరు ఇంకొకటి లేదని నా నమ్మకం.

ఇక పేర్ల సంగతి. కొన్నేళ్ల కిందట అందరూ గ్రిడ్ కంప్యూటింగ్ అన్నారు. తరవాత క్లౌడ్, బిగ్ డేటా, బ్లాక్‌చెయిన్ అన్నారు. ఇప్పుడు జనరేటివ్ ఏఐ అంటున్నారు. వీటిలో ఏదీ పనికిమాలినది కాదు. కానీ వాటి కింద ఉన్నవాటి వయసు ఒకసారి చూడండి. ఫోనులో మీకు దారి చూపించే లెక్కకు మూలమైన డైక్‌స్ట్రా పద్ధతి 1959లో అచ్చయింది. బ్యాంకులోనూ రైల్వేలోనూ నడిచే డేటాబేసులకు ఆధారమైన కాడ్ వ్యాసం 1970 నాటిది. ఇంటర్నెట్‌ను ఇవాళ్టికీ నడుపుతున్న టి.సి.పి., ఐ.పి. నియమాలను 1981లో ప్రచురించారు. న్యూరల్ నెట్‌వర్కులకు శిక్షణ ఇచ్చే బ్యాక్‌ప్రాపగేషన్‌ను అందరి దృష్టికీ తెచ్చిన వ్యాసం 1986లో వచ్చింది. ఈనాటి భాషా మోడళ్లన్నిటికీ తల్లి అనదగిన ట్రాన్స్‌ఫార్మర్ 2017లో వచ్చింది. దాన్ని విప్పి చూస్తే లోపల పెద్ద పెద్ద మాట్రిక్సుల గుణకారం, సంభావ్యత, కొంచెం కాలిక్యులస్ కనిపిస్తాయి. లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా చదివిన పిల్ల ఆ 2017 వ్యాసం ముందు పెట్టుకుని కొన్ని వారాల్లో తనంతట తాను అర్థం చేసుకోగలదు. జనరేటివ్ ఏఐ అనే ఒక్క పేపరే తీసుకున్న పిల్లవాడికి నిరుడు వాడిన పనిముట్టు తెలుస్తుంది. ఈ ఏడు అది మారిపోతే మళ్లీ మొదటికి వస్తాడు.

గేట్ పరీక్ష పెట్టేవాళ్లకు ఈ సంగతి తెలుసు. 2024లో డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని కొత్త పేపరు మొదలుపెట్టినప్పుడు సిలబస్‌లో మొదట పెట్టింది సంభావ్యతా గణాంకాలు, లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్. మన ఎం.ఇ.లో మొదటి సెమిస్టరులోనే కంప్యూటర్ ఇంజనీర్ల కోసమని సంభావ్యత, గణాంకాల పేపరు ఉంటుంది. పిల్లలు దాన్ని లెక్కల పీడ అనుకుని పాస్ మార్కులు వస్తే చాలనుకుంటారు. రెండేళ్లలో మీరు చదివే పేపర్లలో ఎక్కువ కాలం మీకు అన్నం పెట్టేది అదే కావచ్చు. దయచేసి దాన్ని అంత తేలికగా వదిలేయకండి.

గణితం ఒక కాలైతే రెండో కాలు సిస్టమ్స్. ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్కులు, కంపైలర్లు, డేటాబేసు లోపలి పనితీరు, వీటిలో కనీసం ఒక్క పేపరైనా చేతులు పెట్టి చేసేది ఉండాలి. ఎం.ఐ.టి.లో 2006లో పాఠం కోసం తయారుచేసిన ఎక్స్‌వి6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ఉచితం. కెర్నల్ మొత్తం పదివేల పంక్తులలోపే. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. దానిలో ఒక కొత్త సిస్టమ్ కాల్ మీరే రాసి, మీ తప్పు వల్ల మెషిన్ మొత్తం ఆగిపోవడం చూసి, అది ఎందుకాగిందో కనిపెట్టారనుకోండి. ఆ తరవాత ఉద్యోగంలో ఎవరో రాసిన లక్ష పంక్తుల ప్రోగ్రాం చేతికిచ్చినా బెదరరు. మీ కాలేజీలో ఇది చెప్పకపోతే మేష్టారిని అడగండి. ఆయన కాదంటే నలుగురు కలిసి ఇంట్లోనే చేయండి.

చేతులతో చేయడం గురించి మాట్లాడుతూ కోయంబత్తూరు జి.డి. నాయుడు గారిని తలచుకోకపోతే ఎలా? 1893లో కలంగల్ అనే పల్లెలో, తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టారు. బడి చదువు ఆయనకు పట్టలేదు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థనే నడిపారు. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో ఇంజనీరింగ్ కాలేజీ ఏర్పడడానికి కారకులై, దానికి ప్రిన్సిపాల్‌గా కూర్చున్నారు. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువు పిల్లల కాలాన్ని వృథా చేస్తోంది, రెండేళ్లలో అంతా చెప్పవచ్చు అని ఆయన వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు. ఆ కాలేజీయే నేటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ.

నాయుడు గారితో నేను సగమే ఏకీభవిస్తాను. మోటారు విప్పి బిగించడం రెండేళ్లలో వస్తుంది. ఒక అల్గారిథం ఎందుకు సరైనదో నిరూపించే అలవాటు మనసులో నాటుకోవడానికి మాత్రం కాలం కావాలి, తొందరపెడితే రాదు. అయినా ఆయన అడిగిన ప్రశ్న ఇప్పుడు మన ముందుకే వచ్చింది. 2020-21 నుంచి ఎం.సి.ఏ. మూడేళ్లు కాస్తా రెండేళ్లయింది. చివర్లో ప్రాజెక్టు కూడా ఉంటుంది కనుక నింపాదిగా చదువుకోవడానికి మిగిలేది ఏడాది చిల్లర. అందులో ఒక్క పేపరు వృథాగా పోయినా నష్టమే.

కోయంబత్తూరు మాట వచ్చింది కనుక ఇంకొకటి. పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు 1926లో ఆస్తి పంచుకున్నప్పుడు అయిదో వాటా ఒకటి తీసి ధర్మానికి పెట్టారు. 1951లో వచ్చిన పి.ఎస్.జి. ఇంజనీరింగ్ కాలేజీ ఆ వాటా నుంచి పుట్టిందే. ఆ కాలేజీలో ప్లస్ టూ తరవాత అయిదేళ్ల ఎం.ఎస్‌సి. థియరిటికల్ కంప్యూటర్ సైన్సు ఉంది. దాన్ని నడిపేది గణిత విభాగం. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్ల మీ ఇంట్లో ఉంటే, ప్లస్ టూ చదువుతుండగానే ఆ చదువు గురించి తెలుసుకోండి.

‘నేను బి.ఇ.లో సివిల్ చదివాను’, ‘ఎలెక్ట్రికల్ చదివాను’, ‘కంప్యూటర్ సైన్సు మాస్టర్స్‌కు పనికొస్తానా’ అని అడిగే పిల్లలున్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1958లో మద్రాసు గిండీ కాలేజీలో ముగించిన చదువు సివిల్ ఇంజనీరింగే. తరవాత ఆస్ట్రేలియాలో మాస్టర్స్, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, మనిషి మాటను యంత్రం చేత గుర్తింపజేసే పనిలో దిగారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల మణిపాల్‌లో చదివింది ఎలెక్ట్రికల్, ఆ తరవాతే అమెరికాలో విస్కాన్సిన్ మిల్వాకీలో కంప్యూటర్ సైన్సు ఎం.ఎస్. కనుక రావచ్చు. అయితే అలా వచ్చేవాళ్లు మొదటి సెమిస్టరులోనే మెషిన్ లెర్నింగ్ మీద పడకుండా, డిస్క్రీట్ మాథమాటిక్స్, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ ముందు సెలవుల్లోనే పూర్తి చేసుకోవాలి. ఐ.ఐ.టి.లూ, ఐ.ఐ.ఎస్‌సి. కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో ఆ పాఠాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. కొన్నిటికి తమిళంలోనూ తెలుగులోనూ రాతప్రతులు ఉన్నాయి. ఇంగ్లీషు పాఠం వినడం కష్టంగా ఉన్న పిల్లలకు అదెంతో ఆసరా.

మా మేనకోడలు ఒకసారి ఆప్షన్ ఫారం పట్టుకుని ఇంటికి వచ్చింది. మదురైలో ఎం.ఇ. చదువుతోంది. ఒక గడిలో అల్గారిథమ్స్ మీద ఒక పేపరు, దాని కింద గడిలో బ్లాక్‌చెయిన్.

‘మామా, అల్గారిథమ్స్ తీసుకుంటే తప్పి అరియర్ పడుతుందేమో. బ్లాక్‌చెయిన్ అయితే అందరికీ మార్కులు వస్తాయంట.’

‘పాపా, ముందు మన కాలువ బొమ్మ గీయి’ అన్నాను.

పెరియార్ నీళ్లు వైగైలో కలిసి, పేరణై దగ్గర ప్రధాన కాలువలోకి మళ్లి, కళ్లందిరి దాటి మేలూరు వైపు వస్తాయి. కళ్లందిరి దాకా సుమారు 45,000 ఎకరాలు రెండు కార్లు పండుతాయి. దాటాక మేలూరు వైపు సుమారు 85,000 ఎకరాలకు ఒకటే కారు. పాప కాగితం మీద తూములన్నీ చుక్కలుగా, కాలువలన్నీ గీతలుగా వేసింది. ఒక్కో గీత పక్కన ఆ కాలువ ఎన్ని క్యూసెక్కులు మోయగలదో ఒక అంకె రాయించాను. అసలు అంకెలు కావు, లెక్క కోసం వేసుకున్నవి. ఇప్పుడు చెప్పు, చివరి మడవకు ఎక్కువలో ఎక్కువ ఎన్ని నీళ్లు చేరతాయి? మొదట ఒక దారి పట్టి పంపింది. తరవాత ఇంకో దారి. ఒక చోట ముందు పంపిన నీళ్లు కొంత వెనక్కి తీసుకుని వేరే దారిన పంపితే మొత్తం పెరుగుతుందని తనే కనిపెట్టింది. ఫోర్డ్, ఫుల్కర్సన్ అనే ఇద్దరు 1956లో అచ్చువేసిన పద్ధతి అదే. చివరికి నీళ్లు ఇక పెరగని చోటికి వచ్చాక, ఏ గీతలు నిండిపోయాయో చూడమన్నాను. నిండినవాటిలో ఒక నాలుగు గీతలు కోస్తే పైభాగం, కిందిభాగం విడిపోతాయి. ఆ నాలుగింటి మొత్తం ఎంతో, చివరి మడవకు చేరే నీళ్లూ అంతే. అవి వెడల్పు చేయకుండా మిగతా కాలువలు ఎంత తవ్వినా ఒక్క చుక్క ఎక్కువ రాదు.

‘మా తాత రాత్రుళ్లు మడవ దగ్గర కాపలా పడుకునేవాడు, ఈ లెక్క ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది మామా’ అంది పాప. ఆ పేపరే తీసుకుంది.

నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన విషయం దీనిలోనే ఉంది. ముందు ఒక ప్రశ్న పట్టుకోండి. ఆ ప్రశ్నకు ఏ పేపర్లు కావాలో అప్పుడు వెనక్కి లెక్కకట్టుకోండి. నీళ్ల పంపకమే మీ ప్రశ్న అయితే అల్గారిథమ్స్, ఆప్టిమైజేషన్, వాటితోపాటు ఇమేజ్ ప్రాసెసింగ్ కావాలి. ఎందుకంటే 2015 నుంచి తిరుగుతున్న యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు పది మీటర్ల వివరంతో తీసే చిత్రాలు ఎవరికైనా ఉచితం. మేలూరు తాలూకాలోని కణ్మాయి చెరువుల్లో ఏ నెలలో ఎంత మేర నీళ్లున్నాయో ఇంట్లో కూర్చుని కొలవవచ్చు. పక్షుల మీద మనసుంటే మేలూరు దగ్గరి అరిట్టాపట్టి ఉంది. దాన్ని 2022లో తమిళనాడులోనే మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడ సుమారు రెండువందల యాభై రకాల పక్షులున్నాయి. వాటి కూతలు రికార్డు చేసి గుర్తుపట్టే ప్రోగ్రాం రాయాలంటే సిగ్నల్ ప్రాసెసింగ్, మెషిన్ లెర్నింగ్ కావాలి.

ఇంకో ప్రశ్న మన ఇళ్లలోనే ఉంది. విశ్వనాథ నాయకుడు మదురైకి వచ్చిన 1529 నాటి నుంచీ, అంతకు ముందు నుంచీ కూడా తరతరాలుగా ఈ నేల మీద మాట్లాడుతున్న తెలుగు మనది. మన అవ్వలు మాట్లాడతారు, రాయలేరు. కొందరు తమిళ లిపిలో రాసుకుంటారు. ఈ తెలుగును యంత్రం చేత గుర్తింపజేయడమే ఆ ప్రశ్న. 1976లో రాజ్ రెడ్డి గారి బృందం చేసిన హార్పీ అనే ప్రోగ్రాం వెయ్యి పైచిలుకు ఇంగ్లీషు మాటల్ని గుర్తుపట్టింది. 2022లో కేంద్రం మొదలుపెట్టిన భాషిణి పథకం తెలుగు, తమిళాలతో సహా మన భాషల కోసం పనిచేస్తోంది. మేలూరు అవ్వ తెలుగును, కోవిల్‌పట్టి తాత తెలుగును పోగుచేసి, వాళ్ల అనుమతితో రికార్డు చేసి, యంత్రానికి నేర్పే ప్రాజెక్టును మనవాళ్లలో ఎవరో ఒకరు చేయాలి. బయటివాళ్లు వచ్చి చేయాలని ఎదురుచూస్తే ఆలోగా ఆ గొంతులే ఉండవు.

ఇక్కడొక కఠినమైన మాట. మదురైలోనూ కోయంబత్తూరులోనూ డబ్బు కడితే తయారు ప్రాజెక్టు చేతిలో పెట్టే ప్రాజెక్టు సెంటర్లున్నాయి. దయచేసి ఆ మెట్లెక్కకండి. రెండేళ్ల మాస్టర్స్‌లో మీదంటూ మిగిలేది ఆ ప్రాజెక్టే. దాన్నే కొనుక్కుంటే చదివిందేమిటి?

విదేశాలకు వెళ్లేవాళ్లకు రెండు ముక్కలు. అమెరికాలో ఎం.ఎస్. సాధారణంగా ముప్ఫై క్రెడిట్లు, అంటే దగ్గరదగ్గర పది పేపర్లు. చాలా యూనివర్సిటీలు థియరీలో ఒకటి, సిస్టమ్స్‌లో ఒకటి, ఏఐలో ఒకటి తప్పనిసరి చేస్తాయి. మొదటి సెమిస్టరులో మూడూ బరువైనవే తీసుకుని, కొత్త దేశం, కొత్త వంట, చలి, అన్నీ ఒకేసారి మీద వేసుకోకండి. ఒకటి బరువైనది, ఒకటి మధ్యరకం, ఒకటి మీకు ముందే కొంత వచ్చినది పెట్టుకోండి. వెళ్లలేనివాళ్లు బాధపడనక్కరలేదు. జార్జియా టెక్ 2014 నుంచి కంప్యూటర్ సైన్సు మాస్టర్స్‌ను ఆన్‌లైన్‌లో ఇస్తోంది. డిగ్రీ మొత్తానికి ఫీజు పదివేల డాలర్లలోపే. ఉద్యోగం చేసుకుంటూ సెమిస్టరుకు ఒక్కో పేపరు చదవవచ్చు.

డబ్బు ఇబ్బంది ఉన్న ఇళ్లవాళ్లు గేట్ సంగతి మరిచిపోవద్దు. గేట్ అర్హతతో ఎ.ఐ.సి.టి.ఇ. గుర్తింపు ఉన్న కాలేజీలో ఎం.ఇ.లో చేరి, నిబంధనల ప్రకారం అర్హులైతే నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం వస్తుంది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఒకసారి రాలేదని వదిలేయకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్ల బరువైన పేపరు తీసుకుని డెబ్బై తెచ్చుకుంటే, తేలికైన పేపరులో తొంభై తెచ్చుకున్న ఎదురింటి పిల్లతో పోల్చకండి. అరియర్ భయమే మన పిల్లల చేత సగం తప్పు ఎంపికలు చేయిస్తోంది. ఆ భయం తీయగలిగేది ఇంట్లోవాళ్లే.

విద్యార్థులారా, ఎలెక్టివ్ ఫారం ఇచ్చే గడువుకు ముందు సిలబస్, పాత ప్రశ్నపత్రాలు తీసుకుని ఆ పేపరు చెప్పే మేష్టారి గదికి వెళ్లండి. ‘సార్, పోయిన ఏడు ఈ పేపరులో పిల్లల చేత ఏం చేయించారు?’ అని అడగండి. ఆయన సమాధానం విన్నాకే టిక్కు పెట్టండి.